వేదిక మీద స్పగెట్టీ



1979 ఏప్రిల్ 2. ఇటలీలో బొలోన్యా నగరం. ఊరి ఇండోర్ స్టేడియం కుర్రకారుతో కిటకిటలాడుతోంది. ఆ రోజు అక్కడ ‘బొలోన్యా రాక్’ అనే సంగీతోత్సవం. స్థానిక బృందాలు వంతులవారీగా వచ్చి వాయిస్తున్నాయి. స్కియాంతోస్ అనే పంక్ బృందం వంతు వచ్చింది. జనం గిటార్ల కోసం ఎదురుచూస్తుంటే వేదిక మీదికి పొయ్యి వచ్చింది. దాని వెనకే వంటసామాను. స్కియాంతోస్ వాళ్లు నీళ్లు మరగబెట్టారు, స్పగెట్టీ వేశారు, ఉడికాక వడ్డించుకుని తిన్నారు. పాట మాత్రం ఒక్కటీ పాడలేదు. జనం కేకలు మొదలుపెట్టారు. బృందం గాయకుడు తగ్గలేదు సరికదా, ఇది అవాంట్ గార్డ్ కళ, మీకే అర్థం కావడం లేదంటూ వాళ్లనే కసిరాడు.

ఆ గాయకుడి పేరు రొబెర్తో ఆంతోని. అందరూ ‘ఫ్రీక్’ ఆంతోని అనేవారు. అతడు చదువూ సంధ్యా లేక వీధులు పట్టుకు తిరిగినవాడు కాడు. బొలోన్యా విశ్వవిద్యాలయంలో కళలు, సంగీతం, రంగస్థలం ఒకేచోట బోధించే ‘దామ్స్’ అనే విభాగంలో చదివినవాడు. ఉంబెర్తో ఎకో పాఠాలు చెప్పిన విభాగం అది. ఆంతోని పట్టా కోసం బీటిల్స్ మీద సిద్ధాంతవ్యాసం రాశాడు.

రాక్ సంగీత చరిత్రలో అందరికీ కంఠతా వచ్చిన కథ ఒకటుంది. 1970 దశకం మొదట్లో ప్రోగ్రెసివ్ రాక్ రాజ్యమేలింది. ఇరవై నిమిషాల పాటలు, సింథసైజర్ల గోడలు, కాలేజీ చదువుల పిల్లలు. 1976లో పంక్ వచ్చింది. మూడే గిటార్ కార్డ్స్, రెండే నిమిషాలు, వాడల పిల్లలు. కొత్తది పాతదాన్ని తన్ని తగలేసింది. సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ పింక్ ఫ్లాయిడ్ అంటే అసహ్యమని రాసి ఉన్న చొక్కా తొడుక్కుని తిరిగిన ముచ్చట ఈ కథకు బొమ్మలా అతికింది.

అయితే ఆ రాటెనే 1977 జూలైలో లండన్ కాపిటల్ రేడియోలో కూర్చుని తనకు నచ్చిన రికార్డులు వేయించాడు. వాటిలో పీటర్ హామిల్ పాటలున్నాయి. హామిల్ ఎవరు? వాన్ డెర్ గ్రాఫ్ జెనరేటర్ అనే ప్రోగ్రెసివ్ రాక్ బృందానికి గొంతు, కలం రెండూ అతడే. ఆ బృందం రికార్డు ‘పాన్ హార్ట్స్’ సొంత దేశం ఇంగ్లండులో పెద్దగా అమ్ముడుపోలేదు. 1972లో ఇటలీలో మాత్రం అమ్మకాల్లో మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది.

ఇటలీ కుర్రాళ్లు ప్రోగ్రెసివ్ రాక్‌ను అంతగా ఎందుకు నెత్తిన పెట్టుకున్నారు? ఆపెరా పుట్టిన గడ్డ అది. అంకాలుగా సాగే సంగీతం, నాటకీయంగా ఎగసిపడే గొంతు వాళ్లకు ఇంటి సరుకే. సంగీత పాఠశాలల్లో పియానో, వేణువు నేర్చుకున్న యువకులు సొంత బృందాలు కట్టారు. వాళ్లు పెట్టుకున్న పేర్లే వాళ్ల వాలకం చెబుతాయి. ప్రెమియాతా ఫొర్నెరియా మార్కోని అంటే బహుమతి పొందిన మార్కోని రొట్టెల బట్టీ. బాంకో దెల్ ముతువో సొకోర్సో అంటే పరస్పర సహాయ బ్యాంకు. ఆ రెండో బృందం 1972లో తెచ్చిన మొదటి రికార్డు అట్ట మట్టి ముంత ఆకారంలో ఉండేది, పిల్లలు చిల్లర డబ్బులు దాచుకునే ముంత.

ఈ ముంతలో డబ్బు ఎవరు వేయాలి, ఎంత వేయాలి అన్నదే ఆ దశాబ్దమంతా ఇటలీ సంగీతాన్ని కుదిపిన గొడవ.

గొడవకు మొదలు 1968లో ఉంది. ఆ ఏడాది డిసెంబరు 7న మిలాన్‌లోని లా స్కాలా ఆపెరా మందిరం కొత్త సీజన్ మొదలవుతోంది. ఖరీదైన కోట్లు, ఉన్ని శాలువలతో దిగుతున్న పెద్దమనుషుల మీద విద్యార్థులు కోడిగుడ్లు విసిరారు. ముందున్నది విద్యార్థి నాయకుడు మారియో కపాన్నా. మూడేళ్లు తిరక్కుండా అదే ఊళ్లో సీను ఇంకో రకంగా జరిగింది. 1971 జూలై 5న విగొరెల్లి సైకిల్ పందేల మైదానంలో లెడ్ జెప్లిన్ కచేరీ. బయట గొడవలు, లోపలికి బాష్పవాయువు. ఊపిరాడని జనం వేదిక మీదికి ఎగబడ్డారు. బృందం వాద్యాలు వదిలేసి పారిపోయింది. లెడ్ జెప్లిన్ మళ్లీ ఇటలీలో అడుగుపెట్టి వాయించలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఈ తోపులాటకు ఒక సిద్ధాంతం కూడా దొరికింది. అది సంగీతం నుంచి పుట్టింది కాదు, బస్సు టికెట్ నుంచి పుట్టింది. 1974లో టూరిన్ చుట్టుపక్కల బస్సు ఛార్జీలు పెంచారు. పెంచిన ఛార్జీ ఇచ్చేది లేదన్నారు ఫియట్ కార్ల కర్మాగారం కార్మికులు. అలాగని ఉచితంగానూ ఎక్కలేదు. పాత ఛార్జీయే ఇచ్చి ప్రయాణం చేశారు, కార్మిక ప్రతినిధులే ఆ డబ్బు వసూలు చేశారు. తర్వాత కరెంటు బిల్లుల్లోనూ అదే పద్ధతి. దీనికి ‘ఆటోరిదుజియోనె’ అని పేరు. ధరను కొనేవాడే తగ్గించుకోవడమని దాని అర్థం. విద్యార్థులు, నిరుద్యోగ యువకులు ఆ పద్ధతిని సినిమా హాళ్లకు, కచేరీలకు పట్టుకొచ్చారు. బస్సు అవసరమైతే పాట మాత్రం అవసరం కాదా అన్నది వాళ్ల వాదన.

1975 ఫిబ్రవరిలో అమెరికన్ గాయకుడు లూ రీడ్ మిలాన్, రోమ్ నగరాల్లో కచేరీలు పెడితే రెండుచోట్లా రచ్చ అయింది, రెండూ మధ్యలోనే ఆగిపోయాయి. 1977 సెప్టెంబరులో మిలాన్‌లో సంతానా వాయిస్తుంటే వేదిక మీద పెట్రోలు బాంబు పడింది. విదేశీ బృందాలు ఇటలీ పేరెత్తితేనే దండం పెట్టే స్థితి వచ్చింది.

సొంతవాళ్లకూ మినహాయింపు లేదు. ఫ్రాంచెస్కో దె గ్రెగోరి వామపక్షానికి దగ్గరివాడిగా పేరున్న గాయకుడు. 1976 ఏప్రిల్ 2న మిలాన్‌లో అతడి కచేరీ అయ్యాక కొందరు యువకులు వేదికనే న్యాయస్థానం చేశారు. ఈ రాత్రి నీకెంత ముట్టింది అని నిలదీశారు. నిజమైన విప్లవకవివైతే ఆ డబ్బు కార్మికులకు ఎందుకివ్వవని అడిగారు. రష్యన్ కవి మయకోవ్‌స్కీలా ప్రాణం తీసుకుని ఉండాల్సిందన్న మాట కూడా అన్నారు. ఆ తర్వాత దె గ్రెగోరి చాలాకాలం వేదిక ఎక్కలేదు.

ఈ ప్రశ్నల వానలో నిలబడి వాయించిన ప్రోగ్రెసివ్ బృందం ‘ఆరేయా’. గాయకుడు దెమెత్రియో స్త్రాతోస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గ్రీకు తల్లిదండ్రులకు పుట్టాడు. గొంతుతో ఏకకాలంలో రెండు స్వరాలు పలికించే సాధన చేశాడు. ఆ గొంతును పాడువా విశ్వవిద్యాలయానికి చెందిన ధ్వనిశాస్త్రవేత్తలు పరీక్షించారు. బృందం సంగీతంలో జాజ్ ఉంది, బాల్కన్ జానపదం ఉంది, ఏడు మాత్రల వంకర నడకలున్నాయి. మిశ్రచాపుకు తలూపే తెలుగు చెవికి అది కొత్తగా తోచదు గాని, నాలుగు దెబ్బల రాక్‌కు అలవాటైన చెవికి కాళ్లకింద నేల కదిలినట్టుండేది. 1973లో వచ్చిన మొదటి రికార్డుకు నాజీ నిర్బంధ శిబిరాల ద్వారం మీద ఉండే జర్మన్ మాటలనే పేరుగా పెట్టారు. అట్టలో ఒక కాగితపు తుపాకీ బొమ్మ కూడా ఉంచారు. 1974లో కార్మిక వర్గపు ‘ఇంటర్నేషనల్’ గీతాన్ని తమ పద్ధతిలో వాయించి రికార్డు చేశారు.

వాళ్లు వాయించిన చోట్లు కర్మాగారాలు, పార్టీల ఉత్సవాలు, కాలేజీలు. 1976 అక్టోబరు 27న మిలాన్ విశ్వవిద్యాలయపు పెద్ద సభామందిరంలో ఆరేయా ముందే రాసిపెట్టుకున్న పాట లేకుండా వాయించింది. వాద్యకారులు తలా ఒక చీటీ తీసేవారు. దాని మీద మౌనం, వ్యంగ్యం, హింస వంటి ఒక మాట ఉండేది. ఆ మాటను బట్టి ఎవరికి తోచింది వారు వాయించాలి. విద్యార్థి సభలు, తీర్మానాలు జరిగే ప్రాంగణంలో సంగీతం కూడా చర్చలాగే సాగాలన్న ప్రయోగం అది.

మిలాన్‌కే చెందిన స్టార్మీ సిక్స్ బృందం దారి వేరు. ఆ ఊరి విద్యార్థి ఉద్యమంతో కలిసి నడిచినవాళ్లు. 1975లో వాళ్లు తెచ్చిన రికార్డు పేరుకు అర్థం ‘ఒక ట్రామ్ టికెట్’. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫాసిస్టుల మీద జరిగిన ప్రతిఘటన అందులోని పాటల వస్తువు. కంపెనీల గుమ్మం తొక్కడం మాని, తోటి కళాకారులతో కలిసి ‘లోర్కెస్త్రా’ అనే సహకార సంఘం పెట్టి రికార్డులు తామే తీసుకొచ్చారు.

ఇంగ్లండు నుంచి హెన్రీ కౌ అనే బృందం కూడా ఈ ఇటలీకే వచ్చి పడింది. 1968 మే నెలలో, పారిస్ వీధుల్లో విద్యార్థులు రాళ్లు రువ్వుతున్న రోజుల్లోనే, కేంబ్రిడ్జిలో ఇద్దరు విద్యార్థులు ఫ్రెడ్ ఫ్రిత్, టిమ్ హాజ్‌కిన్‌సన్ దాన్ని కట్టారు. మరీ కష్టమైన సంగీతం, దాచుకోని మార్క్సిజం. 1975 నాటి రికార్డు పేరు ‘విద్యాప్రశంస’ అనే అర్థం వచ్చే మాట, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ దగ్గర అరువు తెచ్చుకున్నది. సొంత గడ్డ మీద కచేరీలు దొరకని ఆ బృందానికి ఇటలీ కమ్యూనిస్టు పార్టీ ఉత్సవాల్లో వేల మంది శ్రోతలు దొరికారు.

ఇంత నమ్మకం 1976 జూన్ నెలాఖరుకు బీటలు వారింది. చోటు మిలాన్ శివార్లలోని లాంబ్రో పార్కు. ‘రే నూదో’ అనే పత్రిక చొరవతో అక్కడ యువజన సంగీతోత్సవం జరిగేది. ఆ వారమే ఎన్నికల ఫలితాలు వచ్చాయి, కమ్యూనిస్టు పార్టీకి 34 శాతం పైగా ఓట్లు పడ్డాయి. పార్కు నిండిపోయింది. వాన, బురద, ఎండ. తిండి ధరలు ఎక్కువగా ఉన్నాయని గోల మొదలైంది. గడ్డకట్టిన కోళ్ల లారీని జనం దోచేశారు. అడ్డుకోబోయింది ఎవరు? ఉత్సవం నడుపుతున్న వామపక్ష కార్యకర్తలే. ధర మేమే నిర్ణయిస్తామని చెప్పిన ఉద్యమం, తన దుకాణం ముందుకే ఆ మాట తిరిగొచ్చేసరికి తడబడింది. చెట్లకింద హెరాయిన్ సూదులు కూడా కనిపించాయి. లాంబ్రో పార్కులో మళ్లీ అటువంటి ఉత్సవం జరగలేదు.

కథ ఇక్కణ్నుంచి బొలోన్యాకు మారుతుంది. యుద్ధం ముగిసినప్పటి నుంచి కమ్యూనిస్టుల ఏలుబడిలో ఉన్న నగరం అది. అక్కడ 1976 ఫిబ్రవరి 9న ఒక చిన్న రేడియో మొదలైంది, పేరు ‘రేడియో అలిచే’. లూయీ కారల్ కథలోని ఆలిస్సే ఆ పేరుకు మూలం. సైన్యం వదిలేసిన పాత ట్రాన్స్‌మిటర్, ఒక అద్దె ఇల్లు, ఒక టెలిఫోను. ఎవరు ఫోను చేసినా ఆ గొంతు నేరుగా ప్రసారమయ్యేది. అదే ఏడాది జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రసారాల్లో ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదని తీర్పు ఇవ్వడంతో దేశమంతా ఇలాంటి రేడియోలు పుట్టగొడుగుల్లా మొలిచాయి.

అలిచే గుర్తింపు పాట ఎన్జో దెల్ రే పాడినది. నెమ్మదిగా పనిచేయమని కార్మికులకు చెప్పే పాట. దెల్ రే గిటారు పట్టేవాడు కాడు, కుర్చీని వాయించేవాడు. కచేరీకి అడిగే పారితోషికం కర్మాగారంలో లోహపు పని చేసే కార్మికుడి ఒకరోజు కూలి. దె గ్రెగోరిని నిలదీసినవాళ్లకు ఈయన్ను అడగడానికి ఏమీ మిగల్లేదు.

1977 మార్చి 11న బొలోన్యా విశ్వవిద్యాలయంలో రెండు వర్గాల మధ్య గొడవ రేగింది. పోలీసు దళాలు దిగాయి. ఫ్రాంచెస్కో లోరుస్సో అనే వైద్య విద్యార్థి తూటా తగిలి చనిపోయాడు. మస్కరెల్లా వీధి గోడ మీద ఆ తూటాల గుంటలను అద్దం కింద భద్రపరిచారు. మర్నాడు రాత్రి పోలీసులు రేడియో అలిచే తలుపులు బద్దలు కొట్టారు. లోపలున్నవాళ్లు మైకు వదల్లేదు. తలుపు మీద పడుతున్న దెబ్బలు, వకీలుకు చేస్తున్న ఫోన్లు, చేతులెత్తాం అన్న కేకలు, అన్నీ ప్రసారమయ్యాయి. తర్వాత నిశ్శబ్దం. హోంమంత్రి కొస్సిగా పంపిన సాయుధ శకటాలు విశ్వవిద్యాలయ వీధుల్లో నిలబడ్డాయి. కమ్యూనిస్టు మేయరు రెనాతో జంగేరి విద్యార్థుల వైపు నిలబడలేదు. తమ ఊళ్లో తమవాళ్లే ప్రభుత్వం అయినప్పుడు ఎవరి మీద పాడాలి?

బొలోన్యా పంక్ ఈ ప్రశ్న నుంచే వచ్చింది. లండన్ పంక్ వెనక డబ్బుకు కటకట ఉంది. ఇక్కడ దానికి తోడు, పెద్ద పెద్ద మాటల మీద విరక్తి ఉంది. విద్యార్థులు ఆక్రమించి ఉంటున్న ఒక ఇంట్లో ‘చెంత్రో దుర్లో మెత్రోపొలితానో’ అనే బృందం మొదలైంది. మహానగర అరుపుల కేంద్రం అని ఆ పేరుకు అర్థం. తర్వాత వాళ్లే ‘గజ్నెవాదా’ అయ్యారు. 1977లోనే స్కియాంతోస్ వాళ్లు రిహార్సలు లేకుండా, ఒక్క రాత్రిలో ఒక క్యాసెట్ రికార్డు చేశారు. పేరు ‘ఇనస్కోల్తాబిలె’. వినడానికి పనికిరానిదని అర్థం. ఆరేయా సభామందిరంలో చీటీలు తీసి తోచింది వాయించడానికీ, స్కియాంతోస్ తోచింది వాయించి క్యాసెట్ చేయడానికీ మధ్య ఏడాది మాత్రమే తేడా. మొదటివాళ్లు దాన్ని సాధన అన్నారు, రెండోవాళ్లు వెర్రితనం అన్నారు.

ఇద్దరినీ జనంలోకి తెచ్చింది ఒకే కంపెనీ. మిలాన్‌లో జాన్ని సస్సి నడిపిన ‘క్రాంప్స్’ రికార్డులు. ఆరేయా మొదటి రికార్డు అందులోదే. 1978లో స్కియాంతోస్ రికార్డు ‘మోనోతోనో’ కూడా అందులోదే. కంపెనీ ముద్ర ఫ్రాంకెన్‌స్టైన్ భూతం ముఖం. ఒకే భూతం నీడన ప్రోగ్రెసివ్, పంక్ రెండూ బతికాయి.

ఇక తేదీలు వరసపెట్టి తరుముకొచ్చాయి. 1978 మార్చి 12న, రేడియో అలిచే మూగబోయి సరిగ్గా ఏడాది నిండిన రోజున, లండన్‌లో హెన్రీ కౌ పిలుపు మీద అయిదు దేశాల ప్రోగ్రెసివ్ బృందాలు ఒక వేదిక ఎక్కాయి. ఇటలీ నుంచి వెళ్లింది స్టార్మీ సిక్స్. పెద్ద కంపెనీలు వినిపించడానికి ఇష్టపడని సంగీతం అని దాన్ని ప్రకటించుకున్నారు. ఆ కూటమి పేరు ‘రాక్ ఇన్ అపోజిషన్’. నాలుగు రోజులకు రోమ్‌లో రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్ర వామపక్ష సాయుధ ముఠావాళ్లు మాజీ ప్రధాని ఆల్దో మోరోను అపహరించారు. మోరో ఇంకా వాళ్ల చెరలో ఉండగానే, ఏప్రిల్ 30న లండన్‌లో జాతివివక్షకు వ్యతిరేకంగా జరిగిన పెద్ద కచేరీలో పంక్ బృందం ద క్లాష్ గాయకుడు జో స్ట్రమ్మర్ ఆ రెడ్ బ్రిగేడ్స్ పేరున్న చొక్కాతో వేదిక ఎక్కాడు. చొక్కా మీద ఆ పేరు కూడా సరిగా రాసి లేదు. తొమ్మిది రోజుల తర్వాత రోమ్‌లో ఒక కారులో మోరో శవం దొరికింది. లండన్‌లో చొక్కా మీది బొమ్మ, ఇటలీ విద్యార్థికి ఇంటిముందు పోలీసు జీపు.

1979 ఏప్రిల్‌కు తిరిగి వస్తే, ఆ పొయ్యికి అర్థం కాస్త బోధపడుతుంది. 2న బొలోన్యాలో స్పగెట్టీ ఉడికింది. 7న పాడువా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ తోని నెగ్రితో సహా తీవ్ర వామపక్షానికి చెందిన పలువురిని అరెస్టు చేశారు. నెలాఖరున మిలాన్‌లో స్టార్మీ సిక్స్ ఆతిథ్యంలో రాక్ ఇన్ అపోజిషన్ రెండో ఉత్సవం జరిగింది. ఒకే నెలలో ఒక గుంపు వంట చేసి చూపించింది, ఒక గుంపు జైలుకు వెళ్లింది, ఒక గుంపు పట్టు వదలకుండా కష్టమైన సంగీతం వాయించింది. మూడు గుంపుల్లోనూ ఒకే తరం విద్యార్థులున్నారు.

జూన్ 14న మిలాన్ స్టేడియంలో మరో కచేరీ. ఆరేయా గాయకుడు స్త్రాతోస్‌కు రక్తానికి సంబంధించిన ప్రాణాంతక వ్యాధి వచ్చింది. న్యూయార్కులో చికిత్స ఖర్చు కోసం ఆ కచేరీ తలపెట్టారు. ఒకరోజు ముందే అతడు కన్నుమూశాడు. వయసు 34. కచేరీ ఆపలేదు. రొట్టెల బట్టీ బృందం, బాంకో బృందం, ఆరేయా మిత్రులు, ఇంకా ఎందరో వచ్చి వాయించారు, వేలకు వేల మంది విన్నారు. ఏళ్ల తరబడి టికెట్ మీద కొట్లాడిన ఊరు ఆ సాయంత్రం కిక్కురుమనలేదు.

మరో ఏడాదికి, 1980 జూన్ 1న, బొలోన్యా నగరపాలక సంస్థ తన యువతతో మాట కలపాలనుకుంది. ఊరి నడిబొడ్డున పియాజ్జా మజ్జోరె అనే చారిత్రక చౌకులో ద క్లాష్ కచేరీ పెట్టింది. ప్రవేశం ఉచితం. పదేళ్లుగా విద్యార్థులు అడిగింది అదే. చౌకు నిండా జనం. ఆ జనం మధ్యలో ‘రాఫ్ పంక్’ అనే స్థానిక బృందం కుర్రాళ్లు తిరుగుతూ కరపత్రాలు పంచారు. ద క్లాష్ అనేది సీబీఎస్ కంపెనీ సరుకు, మునిసిపాలిటీ మనల్ని బుజ్జగించడానికి తెచ్చిన మిఠాయి అన్నది వాళ్ల ఆరోపణ. తర్వాత వాళ్లే ‘అటాక్ పంక్’ అని సొంత రికార్డుల సంస్థ పెట్టారు, స్టార్మీ సిక్స్ తమ సహకార సంఘం పెట్టుకున్నట్టే. ఆ సాయంత్రం కచేరీకి టికెట్ లేదు, కరపత్రానికీ లేదు.